విల్లిస్ గేజ్ నుంచి ఫేస్‌బో దాకా: బెంగళూరు బీడీఎస్ విద్యార్థుల దవడ కొలతల సామానులో ఏది కొనాలి, ఏది వద్దు

బీడీఎస్ (దంతవైద్య డిగ్రీ) ఫైనల్ ఇయర్‌లో కంప్లీట్ డెంచర్ (మొత్తం పళ్ల సెట్టు) పోస్టింగ్ మొదలైతే చాలు, బ్యాచ్‌లో ఒక సామాన్ల చీటీ చేతులు మారుతూ తిరుగుతుంది. విల్లిస్ గేజ్ (ముఖం ఎత్తు కొలిచేది), ఫాక్స్ ప్లేన్ (పళ్ల తలం సమంగా ఉందో చూసే పలక), మీన్ వాల్యూ ఆర్టిక్యులేటర్ (దవడ కదలికలను అనుకరించే పరికరం), అల్యువాక్స్ (దవడలు కలిసే తీరు పట్టే మైనం), మోడలింగ్ వ్యాక్స్, వ్యాక్స్ నైఫ్, డివైడర్. కొందరి చీటీలో డిజిటల్ వెర్నియర్, ఫేస్‌బో (దవడ కీలుకు పై దవడ ఎక్కడుందో పట్టి ఆర్టిక్యులేటర్ మీదకు తెచ్చే పరికరం) కూడా చేరతాయి. డెంటల్ డిపోలో చీటీ ఇస్తే అన్నీ ఒకే సంచిలో సర్ది ఇచ్చేస్తారు. అనంతపురం, హిందూపురం, మదనపల్లె, కుప్పం నుంచి వచ్చి బెంగళూరులో చదివే మన పిల్లలు సంచి విప్పి చూసేది హాస్టల్‌కి వెళ్లాకే. అప్పటికి బిల్లు కట్టేసి ఉంటారు, వంకర గేజ్‌ను వెనక్కి తీసుకునేవాళ్లు ఉండరు.

మా తీర్పు ముందే చెబుతాం. ఆ సంచిలో అన్నిటికన్నా పనికొచ్చేది అన్నిటికన్నా చవకైన డివైడర్, ఒక స్టీలు స్కేలు. అన్నిటికన్నా ఖరీదైన ఫేస్‌బో విద్యార్థి సొంతానికి కొనక్కర్లేదు. దవడ కొలతల్లో పెద్ద తప్పులు పరికరం వల్ల రావు. ఒక్క అంకెను నమ్మి దవడ ఎత్తు (నోరు మూసినప్పుడు ముక్కు నుంచి గడ్డం దాకా ఉండే దూరం) ఖాయం చేసేయడం వల్ల వస్తాయి. వైవాలో ఫ్రీవే స్పేస్ (దవడ వదులుగా ఉన్నప్పుడు పై, కింది పళ్ల మధ్య మిగిలే ఖాళీ) ఎంత అని అడిగితే 2 నుంచి 4 మి.మీ. అని ఎవరైనా తడుముకోకుండా చెబుతారు. అదే విద్యార్థి చేతికి గేజ్ ఇచ్చి ఒకే పేషెంట్‌ను మూడుసార్లు కొలవమంటే, ఆ మూడు అంకెల మధ్య తేడా ఒక్కోసారి ఆ ఫ్రీవే స్పేస్‌నే మింగేస్తుంది.

విల్లిస్ గేజ్‌తో మొదలుపెడదాం. 1930లో విల్లిస్ చెప్పిన సూత్రం సులువైనదే. కంటి బయటి కొస నుంచి నోటి మూల దాకా ఎంత దూరమో, ముక్కు అడుగు నుంచి గడ్డం కింది అంచు దాకా అంతే ఉండాలి. ఎల్ ఆకారపు స్టీలు పట్టీకి పైన ఒక చెయ్యి స్థిరంగా ఉంటుంది, కింద ఇంకో చెయ్యి జారుతుంది, స్క్రూతో బిగించుకోవాలి. కొనేముందు దుకాణంలోనే రెండు పనులు చేయండి. జారే చేతిని 50, 60, 70 మి.మీ. గీతల దగ్గర బిగించి, ప్రతిసారీ రెండు చేతుల మధ్య దూరాన్ని స్టీలు స్కేలుతో సరిచూడండి. చవక నకళ్లలో గీతలు చెక్కిన చోటే ఒక మిల్లీమీటరు తేడా దొరుకుతుంది. తర్వాత స్క్రూ బిగించి కింది చేతిని వేలితో పైకి నెట్టండి. జారితే ఆ ముక్క పక్కన పెట్టి ఇంకోటి అడగండి. పేషెంట్ గడ్డం కింద అదే ఒత్తిడి పడుతుంది, అప్పుడూ జారుతుంది.

గేజ్ సరైనదైనా పట్టుకోవడంలో తప్పు జరుగుతుంది. పై చెయ్యి ముక్కు రంధ్రాల మధ్య గోడ కింద ఆనీ ఆననట్టు తాకాలి, నొక్కకూడదు. కింది చెయ్యి గడ్డం ఎముక కింద ఆగాలి. గడ్డం కింద కొవ్వు ఉన్నవాళ్లలో మెత్తటి కండను ఎంత నొక్కితే అంకె అంత తగ్గుతుంది. గేజ్ పిడి ముఖం నిలువు గీతకు సమాంతరంగా ఉండాలి. పిడి ముందుకో వెనక్కో వాలితే కోణం మారి అంకె మారుతుంది. పైగా మన ముఖాల్లో కంటి నుంచి నోటికి, ముక్కు నుంచి గడ్డానికి దూరాలు చాలామందిలో సమానంగా ఉండవు. అందుకే విల్లిస్ గేజ్‌తో ఎత్తు నిర్ణయించకండి. వేరే పద్ధతిలో తేల్చిన ఎత్తు మరీ దారి తప్పలేదు కదా అని చూసుకోవడానికి వాడండి. ఆ పనికైతే కొనదగ్గ వస్తువే.

ఎత్తు తేల్చాల్సింది డివైడర్‌తో. నిస్వాంగర్ 1934లో చెప్పిన పద్ధతి ఇప్పటికీ క్లినిక్‌లో నడిచేది. దాన్ని ఓపిగ్గా చేసేవాళ్లు తక్కువ. పేషెంట్‌ను కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టాలి, తల వెనక దన్ను తీసేయాలి. కుర్చీ వాల్చి కొలిస్తే కింది దవడ వెనక్కి జారి రెస్ట్ పొజిషన్ (కండరాలు వదులుగా ఉన్నప్పటి దవడ స్థితి) మారిపోతుంది. ముక్కు మొన మీద ఒకటి, గడ్డం మీద ఒకటి, చిన్న మైక్రోపోర్ టేపు ముక్కలు అంటించి వాటి మీద పెన్నుతో చుక్క పెట్టండి. చుక్కను నేరుగా చర్మం మీద పెడితే చెమటకు చెరిగిపోతుంది. గడ్డం మీద కదలని చోటు వెతకాలి. పెదవులు బిగించినప్పుడు గడ్డం చర్మం పైకి ముడుచుకుంటుంది, ఆ ముడుత మీద చుక్క పెడితే ప్రతి కొలతా తప్పే. గడ్డం పెంచిన మగవాళ్లకు టేపు అంటదు. వాళ్ల విషయంలో మాత్రం గడ్డం కింద ఎముక అంచును వేలితో పట్టి విల్లిస్ గేజ్‌తో కొలవడమే మార్గం.

తర్వాత పెదవులు తడుపుకోమనండి, ఎంగిలి మింగమనండి, 'అమ్మ' అని చెప్పి అక్కడే ఆగమనండి. తెలుగు మాట్లాడే పేషెంట్ దొరికితే ఇది వరం. 'మ్మ' దగ్గర పెదవులు కలుస్తాయి, దవడ వదులవుతుంది, 'అమ్మ' అనడానికి ఎవరూ బిగుసుకోరు. కన్నడం, తమిళం మాట్లాడేవాళ్లకూ అదే మాట సరిపోతుంది. ఆ క్షణంలో డివైడర్ మొనలు చుక్కలకు దగ్గరగా తెచ్చి, చర్మాన్ని తాకకుండా దూరం పట్టి స్కేలు మీద చదవాలి. కనీసం మూడుసార్లు, మధ్యలో పేషెంట్‌తో రెండు మాటలు మాట్లాడుతూ. 68, 67, 68 వచ్చిందనుకోండి, రెస్ట్ 68 అని రాసుకోండి. 68, 64, 71 వస్తే పేషెంట్ ఇంకా వదులవ్వలేదు, సగటు తీయకండి, పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టండి. రెస్ట్ 68 అయితే, ఫ్రీవే స్పేస్ పోను, రిమ్‌లు (పళ్ల స్థానంలో కట్టే మైనం గోడలు) కలిసినప్పుడు 65 చుట్టూ ఉండాలి.

అక్కడ 69 వచ్చిందంటే రిమ్ తగ్గించాలి. ఏ రిమ్? విద్యార్థులు చేతికి తేలిగ్గా అందుతుందని పై రిమ్ చెక్కేస్తారు. పై రిమ్ ఎత్తు అప్పటికే పెదవిని బట్టి, ముఖం గీతలను బట్టి ఖాయమైపోయింది, దాన్ని ముట్టుకోకూడదు. కింది రిమ్ మాత్రమే తగ్గాలి, అదీ వేడి పళ్లెం మీద సమంగా, ముందూ వెనకా ఒకేలా.

ఎత్తు తప్పితే ఏమవుతుందో పేషెంట్ ముఖంలోనే కనిపిస్తుంది. ఎక్కువైతే మాట్లాడుతుంటే పళ్లు టకటకా కొట్టుకుంటాయి, పెదవులు కలపడానికి గడ్డం ముడుచుకోవాల్సి వస్తుంది, చిగురు నొప్పి తగ్గదు, ఎముక త్వరగా కరుగుతుంది. తక్కువైతే బుగ్గలు కొరుక్కుంటారు, నోటి మూలలు తడిసి పగులుతాయి, ముఖం ముడుచుకుపోతుంది, నమిలే బలం చాలదు. సెట్టు పళ్లు పెట్టుకుని నెల తిరక్కుండానే డ్రాయర్‌లో పెట్టేసే పెద్దవాళ్లలో చాలామందిది ఈ మూడు నాలుగు మిల్లీమీటర్ల సమస్యే.

డివైడర్‌కు తోడు ఖర్చులేని ఇంకో పరీక్ష ఉంది, మాట. సిల్వర్‌మన్ 1953లో రాసిన క్లోజెస్ట్ స్పీకింగ్ స్పేస్ అది. 'స' పలికేటప్పుడు కింది పళ్లు పై పళ్లకు అన్నిటికన్నా దగ్గరగా వస్తాయి, కానీ తాకవు. మధ్యలో ఒక మిల్లీమీటరు చుట్టూ ఖాళీ మిగులుతుంది. పుస్తకాల్లో ఇంగ్లీషు అంకెలు, సిక్స్‌టీ నుంచి సిక్స్‌టీ సిక్స్ దాకా లెక్కపెట్టించమని ఉంటుంది. ఇంగ్లీషు రాని అవ్వను తెలుగులో 'అరవై, అరవై ఒకటి' అని లెక్కపెట్టిస్తే లాభం లేదు, అందులో 'స' ఒక్కటీ లేదు. 'సీసా', 'సూది', 'ససేమిరా' అనిపించండి. కన్నడం అజ్జి అయితే 'సొసె', 'సాసివె'. రాయలసీమ పెద్దవాళ్లు శనివారాన్ని 'సనివారం' అన్నా ఈ పరీక్షకు ఇబ్బంది లేదు, మనకు కావాల్సింది ఆ గాలి చప్పుడే. అప్పుడు రిమ్‌లు తగులుకుంటే ఎత్తు ఎక్కువ, ఖాళీ చాలా ఉంటే తక్కువ.

పై ముందు పళ్ల పొడవు చూడటానికి పుస్తకాలు 'ఫ' పలికించమంటాయి. మన పెద్దవాళ్లలో చాలామంది కాఫీని 'కాపీ' అంటారు. రెండు పెదవులూ కలిపి పలికే ఆ శబ్దంలో కింది పెదవి పై పళ్ల అంచును తాకదు, పరీక్ష తప్పు దారి పట్టిస్తుంది. 'వడ', 'వంకాయ' కొంత నయం. అయినా ఈ ఒక్క శబ్దం మీదే ఆధారపడకండి. పెదవి వదులుగా ఉన్నప్పుడు రిమ్ ఎంత కనిపిస్తోందో చూడండి. వయసులో ఉన్నవాళ్లకు 2 మి.మీ. చుట్టూ కనిపించాలి. ముసలివాళ్లకు అసలు కనిపించకపోయినా తప్పు లేదు.

ఫాక్స్ ప్లేన్ గురించి ఎక్కువ రాయాల్సింది లేదు. దుకాణంలో గాజు పలక మీద పెట్టి చూడండి, ఒక రెక్క లేచి ఉంటే వద్దు. వాడేటప్పుడు ముందు నుంచి చూస్తే రెండు కనుపాపల గీతకు, పక్క నుంచి చూస్తే ముక్కు రెక్క అడుగు నుంచి చెవి ముందరి ముడి దాకా పోయే గీతకు అది సమాంతరంగా ఉండాలి. పక్క గీతను కంటితో ఊహించకండి, ముఖం మీద దారం గానీ స్కేలు గానీ పట్టండి. ప్లేన్‌ను పైకి నొక్కితే వెనక వైపు రికార్డ్ బేస్ (రిమ్‌ను మోస్తూ చిగురు మీద కూర్చునే పలక) లేచిపోతుంది, అప్పుడు వంకర రిమ్ కూడా సరిగ్గా ఉన్నట్టే కనిపిస్తుంది. వేలితో బేస్‌ను అంగిలికి ఆనించి, ప్లేన్‌ను కింద నుంచి ఊరికే తాకించాలి.

రికార్డ్ బేస్‌లకు షెల్లాక్ పలకలు ఇంకా అమ్ముతున్నారు, కొంతమంది కొంటున్నారు. మా సలహా, కోల్డ్ క్యూర్ అక్రిలిక్‌తో చేసుకోండి. షెల్లాక్ మీద రిమ్ అంటించేటప్పుడు తగిలే వేడికే అది వంగుతుంది, రిమ్‌ను రెండోసారి వేడి చేస్తే ఇంకొంచెం వంగుతుంది. నోట్లో ఊగే బేస్ మీద తీసుకున్న కొలత ఎంత జాగ్రత్తగా తీసుకున్నా పనికిరాదు. అక్రిలిక్ బేస్ కూడా వేసిన వెంటనే వాడకండి, ఒక రోజు ఆగితే ఆ మిగిలిన కుదింపు అయిపోతుంది.

రిమ్ కొలతలు అందరికీ కంఠస్థమే. పైది ముందు వైపు సల్కస్ (పెదవికీ చిగురుకీ మధ్య మడత) లోతు నుంచి 22 మి.మీ., కిందది 18 మి.మీ., వెడల్పు ముందు 5, వెనక 8 నుంచి 10. మర్చిపోయేది వెనక కొస. కింది రిమ్ రెట్రోమోలార్ ప్యాడ్ (కింది చిగురు చివరి మెత్తటి దిమ్మ) ఎత్తులో మూడింట రెండో వంతుకు సమంగా వచ్చి, ప్యాడ్ మొదలయ్యే ముందే ఆగాలి. దాన్ని ప్యాడ్ మీదకు పొడిగిస్తే పేషెంట్ నోరు మూసినప్పుడు పై, కింది బేస్‌ల మడమలు ముందుగా తగులుకుంటాయి. బేస్ ముందు వైపు లేస్తుంది, బైట్ (దవడలు కలిసే తీరు పట్టిన అచ్చు) మొత్తం అబద్ధమవుతుంది. మౌంట్ చేశాక (దవడ అచ్చులను ఆర్టిక్యులేటర్‌కు బిగించాక) గానీ ఇది బయటపడదు. అందుకే బైట్ తీసుకునే ముందు రెండు బేస్‌ల వెనక కొసల మధ్య నోటి అద్దం అంచు దూరుతుందో లేదో చూడాలి. దూరకపోతే అక్కడ అక్రిలిక్ అరగదీయాలి. ఇది అర నిమిషం పని.

ఇక సెంట్రిక్ రిలేషన్, అంటే పళ్లతో పని లేకుండా పై దవడకు కింది దవడ కుదురుకునే స్థితి. విద్యార్థులు ఎక్కువ తడబడేది ఇక్కడే, దానికి కారణం కూడా ఉంది. 1956లో మొదటి ప్రోస్తోడాంటిక్ పదకోశం వచ్చినప్పటి నిర్వచనాల్లో కింది దవడ బాగా వెనక్కి పోయిన స్థితికే సెంట్రిక్ అని పేరు. సీనియర్ల నోట్సు ద్వారా ఆ మాట ఇంకా నడుస్తోంది. 2017లో వచ్చిన తొమ్మిదో కూర్పు ప్రకారం కాండైల్స్ (కింది దవడ కీలు గుబ్బలు) ఎమినెన్స్ (కీలు ముందరి ఎముక దిబ్బ) వెనక వాలుకు ఆనుకుని ముందుకూ పైకీ ఉండాలి, పళ్ల తాకిడితో దానికి సంబంధం లేదు, ఆ స్థితిలో దవడ తిరగడమే తప్ప జారదు. 'బాగా వెనక్కి' అని చదివిన విద్యార్థి గడ్డం పట్టి బలంగా వెనక్కి తోస్తాడు. ఆ తోపుకు పేషెంట్ కండరాలు ఎదురు తిరిగి దవడను ముందుకు లాగుతాయి.

పేషెంట్‌కు చెప్పే మాట ఇక్కడ పరికరం కన్నా ముఖ్యం. 'కరవండి' అంటే ఎవరైనా ముందు పళ్లతో కరుస్తారు, దవడ ముందుకు వచ్చేస్తుంది. 'కొరకండి' అన్నా అంతే. 'నాలుక మడిచి అంగిలి చివర ఆనించండి తాతగారూ, అలాగే ఉంచి మెల్లగా నోరు మూయండి' అనాలి. కన్నడం పేషెంట్‌కు 'నాలిగె హిందె మడచి, నిధానవాగి బాయి ముచ్చి' అంటే చాలు. పై బేస్ వెనక అంచు మధ్యలో ఒక చిన్న మైనం ఉండ పెడితే నాలుకకు గుర్తు దొరుకుతుంది. కొలతకు ముందు అయిదారుసార్లు ఇలా మూయించండి. ఆరోసారికి దవడ తనంతట తానే ఒకే చోటికి వస్తుంది.

ఆ స్థితిని పట్టి ఉంచడానికి సామాన్ల చీటీలో స్టేప్లర్ పిన్నులు కూడా ఉంటాయి. వేడి చేసి రెండు రిమ్‌లలోకి గుచ్చి కలిపేయడం చాలా కాలేజీల్లో నడుస్తున్న పద్ధతే. మేం దీన్ని ఒప్పుకోం. పిన్ను గుచ్చే బలానికి ఒక పక్క బేస్ అణుగుతుంది, వేడి నైఫ్‌తో అంచులు కరిగించేటప్పుడు రిమ్ ఎత్తు మారుతుంది, నోట్లోంచి తీసిన తర్వాత మళ్లీ పెట్టి సరిచూసే వీలుండదు. దానికి బదులు పై రిమ్‌లో ప్రీమోలార్ దగ్గర ఒక నిక్ (గాటు), మోలార్ దగ్గర ఒక నాచ్ (గాడి) కోసి వ్యాజలైన్ రాయండి. కింది రిమ్ వెనక భాగాన్ని రెండు పక్కలా 2 నుంచి 3 మి.మీ. తగ్గించండి, ముందు భాగాన్ని ముట్టుకోకండి, ఎత్తును కాపాడేది అదే. ఆ ఖాళీలో అల్యువాక్స్ గానీ జింక్ ఆక్సైడ్ యూజినాల్ పేస్టు గానీ సిలికాన్ బైట్ మెటీరియల్ గానీ వేసి మూయించండి.

ఈ మూడింటిలో మా ఓటు సిలికాన్‌కే. మూసేటప్పుడు అది అడ్డుకోదు, గట్టిపడ్డాక ఆకారం మారదు. కానీ గన్ను, కార్ట్రిడ్జ్ ఒక్కరికి ఖరీదు. నలుగురు కలిసి కొంటే గిట్టుబాటవుతుంది. కార్ట్రిడ్జ్ మీద గడువు తేదీ తప్పక చూడండి. అల్యువాక్స్ చవక, పని చేస్తుంది, కానీ రెండు పక్కలా ఒకేలా మెత్తబడాలి. ఒక పక్క గట్టిగా మిగిలితే పేషెంట్ ఆ పక్కకు తప్పించుకుని మూస్తారు. జింక్ ఆక్సైడ్ పేస్టు కచ్చితమైనదే గానీ పెళుసు, అంచులు విరుగుతాయి. పెదవులకు ముందే వ్యాజలైన్ రాయకపోతే పేషెంట్ నోరంతా అంటుకుపోతుంది.

బైట్ తీసుకున్నాక దాన్ని తీసి మళ్లీ పెట్టి మూయించండి, నిక్ నిక్‌లో కూర్చోవాలి. మౌంట్ చేశాక రెండో బైట్ తీసి ఆర్టిక్యులేటర్ మీద సరిపోతుందో చూడండి. సరిపోకపోతే రెండింట్లో ఒకటి తప్పు. ఏది తప్పో ఊహించకండి, మూడోది తీయండి.

గాథిక్ ఆర్చ్ ట్రేసర్‌ను డిపార్ట్‌మెంట్ అల్మరాలోంచి అడిగి తీసుకోండి, కొనకండి. 1910లో గైసీ వాడుకలోకి తెచ్చిన ఈ పద్ధతి సెంట్రిక్‌ను కళ్లకు చూపిస్తుంది, అందుకే నేర్చుకునేవాళ్లకు దీనంత మంచి పాఠం లేదు. మధ్యలో ఒకే బిందువు మీద ఆనే పిన్ను, మసి గానీ మైనం గానీ పూసిన పలక. పేషెంట్ దవడను ముందుకు, వెనక్కి, కుడికి, ఎడమకు కదిపితే బాణం మొన గీసుకుంటుంది, ఆ మొనే సెంట్రిక్. మొన పదునుగా రాకుండా గుండ్రంగా వస్తే పేషెంట్ ఇంకా వదులుకాలేదు, లేదా బేస్ కదిలింది. రెండు మొనలు వస్తే మధ్యలో ఎత్తు మారింది, లేదా బేస్ పక్కకు జరిగింది. నోటి బయట గీసే రకంలో గీత పెద్దగా పడుతుంది, గీస్తుండగానే చూడవచ్చు, విద్యార్థులకు అదే మంచిది. మెత్తగా ఊగే రిడ్జ్ (పళ్లు పోయిన చిగురు గట్టు) ఉన్నవాళ్ల మీద, నాలుక బాగా పెద్దదైనవాళ్ల మీద దీన్ని ప్రయత్నించకండి, బేస్ నిలవదు.

ఆర్టిక్యులేటర్ మాత్రం సొంతంగా ఉండాలి. మీన్ వాల్యూ చాలు. కాండైల్ మధ్య దూరం 110 మి.మీ. చుట్టూ, కాండైలార్ కోణం 30 నుంచి 33 డిగ్రీల దగ్గర స్థిరంగా ఉంటాయి. ఉత్త కీలు ఆర్టిక్యులేటర్ ధర చూసి కొనకండి, అది తెరుచుకోవడం మూసుకోవడం తప్ప పక్కకు కదలదు. దుకాణంలో పరీక్ష ఇలా చేయండి. సెంట్రిక్ లాక్ బిగించి, పై భాగాన్ని రెండు వేళ్లతో పట్టి పక్కలకు ఊపండి. కీలు దగ్గర ఏ మాత్రం ఆట ఉన్నా అదంతా రేపు పళ్ల మీద తప్పుడు తాకిడిగా తేలుతుంది. ఇన్సైజల్ పిన్ను (ఎత్తును నిలిపే ముందరి పిన్ను) సున్నా గీత దగ్గర బిగించి పదిసార్లు తెరిచి మూసి, మళ్లీ సున్నా దగ్గరే ఉందో చూడండి. మౌంటింగ్ ప్లేట్ స్క్రూలు పూర్తిగా తిప్పి చూడండి, మర అరిగిన స్క్రూ ఏడాది గడవదు.

ఫేస్‌బో. చెవి రంధ్రాల్లో కూర్చునే స్ప్రింగ్ రకం చాలా డిపార్ట్‌మెంట్లలో ఉంటుంది. అసలైన హింజ్ యాక్సిస్‌కు (దవడ తిరిగే ఇరుసుకు) ఇది ఎక్కువమందిలో 5 మి.మీ. లోపలే చేరుతుంది. 3 మి.మీ. మందం బైట్‌తో లెక్కవేస్తే ఆ 5 మి.మీ. పొరపాటు రెండో మోలార్ దగ్గర 0.2 మి.మీ. చుట్టూ తేడా తెస్తుంది. కంప్లీట్ డెంచర్‌లో ఈ తేడాను చిగురు మెత్తదనం భరిస్తుంది. ఫేస్‌బోతో చేసిన సెట్టు, లేకుండా చేసిన సెట్టు పక్కపక్కన పెట్టి పోల్చిన క్లినికల్ పరీక్షల్లోనూ పేషెంట్ సుఖంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పరీక్షలో అడుగుతారు కాబట్టి నేర్చుకోవాలి, విద్యార్థిగా చేయాల్సిన కోటా సెట్ల కోసం కొనక్కర్లేదు.

పళ్లు అరిగిపోయినవాళ్లకు చేసే ఫుల్ మౌత్ రిహాబిలిటేషన్ (నోట్లోని పళ్లన్నిటినీ మళ్లీ కట్టడం) సంగతి వేరు. అక్కడ ఎత్తును ఆర్టిక్యులేటర్ మీదే పెంచాల్సి వస్తుంది. ముందు పళ్ల దగ్గర 3 మి.మీ. తెరిస్తే మోలార్ల దగ్గర దాదాపు ఒక మిల్లీమీటరు తెరుచుకుంటుంది. హింజ్ యాక్సిస్ తప్పయితే ఆ తెరుచుకునే వంపే తప్పు దారిలో పోతుంది, నోట్లో పెట్టాక ప్రతి క్రౌన్‌నూ అరగదీయాల్సి వస్తుంది. గట్టి పళ్ల మీద సర్దుకోవడానికి మెత్తటి చిగురు లేదు. ఇలాంటి కేసుకు ఫేస్‌బో తప్పదు. అసలు ఎత్తు పెంచాలా వద్దా అన్నది టర్నర్, మిస్సిర్లియన్ 1984లో చెప్పిన మూడు వర్గాలతో తేల్చాలి. అరుగుదలతో ఎత్తు పోయినవాళ్లు, ఎత్తు పోకపోయినా చోటున్నవాళ్లు, ఎత్తూ పోక చోటూ చాలనివాళ్లు. ఇక్కడ మళ్లీ అదే డివైడర్, అదే 'అమ్మ'. ఫ్రీవే స్పేస్ మామూలుగానే ఉంటే ఎత్తు పోలేదు, పళ్లు ఎంత అరిగినా సరే. పెంచాల్సి వచ్చినా నేరుగా క్రౌన్లకు పోకుండా కొన్ని వారాలు స్ప్లింట్‌తో (పళ్ల మీద తొడిగే తాత్కాలిక తొడుగుతో) చూసుకోవాలి.

ఫేస్‌బో వాడే రోజు మూడు చోట్ల జాగ్రత్త. ఫోర్క్‌ను రిమ్‌లోకి వేడిచేసి గుచ్చేటప్పుడు అక్లూజల్ (కొరికే) అంచుకు 3 మి.మీ. పైన గుచ్చండి, అంచు చెడితే ఎత్తు పోతుంది. క్లాంపులు బిగించేటప్పుడు ఒక చేత్తో ఫోర్క్ కాడను కదలకుండా పట్టుకోండి, ఆఖరి మలుపులోనే అది తిరిగిపోతుంది. ఆర్టిక్యులేటర్ మీద పై కాస్ట్‌కు (దవడ జిప్సం అచ్చుకు) ప్లాస్టర్ వేసేటప్పుడు కింద తప్పనిసరిగా ఆధారం పెట్టండి, తడి ప్లాస్టర్ బరువుకు ఫోర్క్ కిందికి వంగుతుంది. ప్లాస్టర్‌ను రెండు విడతలుగా వేస్తే వ్యాకోచం వల్ల వచ్చే కదలికా తగ్గుతుంది.

డిజిటల్ వెర్నియర్ కొనకండి. తెర మీద 0.01 మి.మీ. దాకా చూపిస్తుంది, కానీ కొలిచేది కదిలే చర్మాన్ని. అక్కడ ఒక మిల్లీమీటరు అటూ ఇటూ రావడం సహజం. 67.83 అని రాసుకున్న విద్యార్థి రెండోసారి కొలవడు, ఆ పరికరం చేసే చెడు అదే. ఆ డబ్బుతో రెండు మొద్దు మొనల డివైడర్లు, ఒక మంచి స్టీలు స్కేలు వస్తాయి.

పేషెంట్‌ను రమ్మన్నప్పుడు పాత సెట్టు ఉంటే తెమ్మనండి, పళ్లున్నప్పటి ఫోటో ఉంటే అదీ. పాత సెట్టు రెండు భాగాలనూ కలిపి పట్టుకుని అంచు నుంచి అంచుకు కొలిస్తే మీ రెండు రిమ్‌ల మొత్తం ఎత్తును పోల్చుకోవడానికి ఇంకో అంకె దొరుకుతుంది. అరిగిన సెట్టయితే అది తక్కువే చూపిస్తుందని గుర్తుంచుకోండి. పెళ్లినాటి ఫోటోలో పెదవుల నిండుదనం, ముందు పళ్ల వెడల్పు కనిపిస్తాయి.

బైట్ తీసుకున్న రోజే మౌంట్ చేయండి. ల్యాబ్ మూసేశారని మైనం బైట్‌ను స్కూటర్ సీటు కింది డబ్బాలో పెట్టి యలహంక నుంచి వీవీ పురం దాకా మధ్యాహ్నం ట్రాఫిక్‌లో తీసుకెళ్తే, ఆ వేడికి రిమ్ చేరేలోపే సాగుతుంది. తప్పనిసరైతే మూత ఉన్న స్టీలు డబ్బాలో మామూలు నీళ్లు పోసి, బేస్‌లను కాస్ట్‌ల మీద నుంచి తీసి అందులో మునిగేలా పెట్టి, డబ్బాను చేతి సంచిలో పట్టుకెళ్లండి. కాస్ట్‌లను మాత్రం ఆ నీళ్లలో వేయకండి, జిప్సం నానితే పైపొర కరుగుతుంది. వాటిని విడిగా గుడ్డలో చుట్టి తీసుకెళ్లండి.